కడుపు నిండిన డేగ

ఏది ముందు జరిగిందో ఏది తర్వాత జరిగిందో తారుమారు చేస్తానేమో ఫెబీ, అది ముందే చెబుతున్నాను. కానీ మీ ఆయనకు మాత్రం నువ్వు గట్టిగా చెప్పాలి. ఇంటికి ఎవరొచ్చినా "అత్తయ్యగారూ, ఆ డేగ కథ ఒకసారి" అని నన్ను కుర్చీలో కూర్చోబెట్టడం ఇక మానుకోమను. నేను టేప్‌రికార్డర్ని కాదు.

ఇవాళ చూశావుగా. ప్రార్థన అయింది, భోజనాలయ్యాయి, వచ్చినవాళ్ళు చేతులు కడుక్కుని చాప మీద చేరారు. ఆ కొత్తగా వచ్చిన పాల్ ఉన్నాడే, వచ్చే శుక్రవారం వాళ్ళ కంపెనీ అరబ్బు వెంట ఎడారికి పోతున్నాడట. "వేటలో అంత సరదా ఏముంటుందండీ, ఎండలో తిరగడం తప్ప?" అన్నాడు. మీ ఆస్టిన్ నా వైపు చూశాడు. నేను చెప్పాను. అందరూ నవ్వారు. సుసన్నయితే మజ్జిగ గ్లాసు ఒళ్ళో ఒంపేసుకుంది.

నవ్వు రావాల్సిన చోటల్లా వచ్చింది. అదే నాకు భయం వేసింది.

ఎందుకేమిటి? ఆ కంచాలు తర్వాత కడుగుదువుగాని, ఇలా కూర్చో. మీ ఆయన వాళ్ళను దింపి వచ్చేలోపు చెప్పేయాలి.

ఆ కథలో ఒక ముక్క నేను ఎవరికీ చెప్పను. నాలుగైదేళ్ళుగా చెప్పలేదు. చెప్పకపోతేనేం, నాకు తెలుసు కదా, దాని చోట అది ఉంటుంది అనుకునేదాన్ని. ప్రతిసారీ ఆ చోటికి వచ్చేసరికి గొంతులో ఏదో అడ్డం పడేది, పక్కనుంచి దాటుకుపోయేదాన్ని. ఇవాళ ఏమీ అడ్డం పడలేదు. గడగడా చెప్పేశాను. వాళ్ళు చెప్పులు వేసుకుంటుంటే అప్పుడు గుర్తొచ్చింది, అక్కడ ఒక ముక్క ఉందని.

మొన్న మా తమ్ముడి పేరు కోసం పొద్దున్నుంచి సాయంత్రం అసర్ బాంగు దాకా వెతికాను. అది పోతే పోయింది, వాడి పేరు వాడికి తెలుసు. ఇది నాకు తప్ప ఎవరికీ తెలియదు.

నీకు తెలిసిన సంగతే అయినా వరసగా చెప్పుకొస్తాను. లేకపోతే నాకే దారి తప్పుతుంది.

నేను ఆ ఇంట్లో వంటకు చేరి అప్పటికి తొమ్మిదేళ్ళు. ఇంటి పెద్దాయన్ని పెద్ద బాబా అనేవాళ్ళం. ఎనభై దాటాయి. చక్కెర జబ్బు, ఒక కంటికి పొర. కొడుకు ముబారక్ బాబా. కార్లూ, కోపమూ, డేగలూ అన్నీ ఆయనవే. డేగల్ని చూసుకునేది మాత్రం జియావుద్దీన్.

జియావుద్దీన్‌ది జగిత్యాల. రోడ్డు పనికని వచ్చి, క్యాంపులో ఉంటూ, ఎడారిలో తిరిగే ముసలి బదూ ఎవరి దగ్గరో డేగల పని నేర్చుకున్నాడట. మనవాళ్ళలో ఆ పని చేసేవాణ్ణి నేను మరొకర్ని చూడలేదు. త్రాసు అక్కర్లేదు అతనికి. పిట్టను చేతి మీదికి తీసుకుని, రెండు వేళ్ళతో దాని రొమ్ము ఎముక తడిమి, ఇవాళ ఎగురుతుంది, ఇవాళ ఎగరదు అని చెప్పేవాడు. అరబ్బులే వచ్చి వాళ్ళ పిట్టల్ని అతని చేతికిచ్చి అడిగి వెళ్ళేవాళ్ళు. నన్ను ఖాలా, అంటే పిన్నీ, అనేవాడు. ఆ వేట కాలం అయిపోగానే వాళ్ళావిడ మెహర్ సుల్తానాకు మా ఇంట్లోనే పనికి వీసా తీయిస్తానని ముబారక్ బాబా మాట ఇచ్చాడు. వెనక గది కిటికీకి అతను అప్పుడే కొత్త జాలీ కొట్టుకున్నాడు, పెళ్ళాం వస్తే దోమలు కుడతాయని.

పెద్ద డేగ పేరు షమ్మా. దాని కళ్ళకు తోలు టోపీ పెడతారు. దాన్ని కూడా బురఖా అనే అంటారు వీళ్ళు. మొదటిసారి విన్నప్పుడు నాతో వేళాకోళమాడుతున్నారనుకున్నాను.

తొంభై నాలుగు చలికాలం. కాదు, తొంభై అయిదు మొదట్లో. వాన పడి, ఎడారిలో పచ్చగా ఏదో మొలిచింది. పెద్ద బాబా ఒక్కసారి హుబారా వేట చూసి చచ్చిపోతానన్నాడు. హుబారా అంటే పెద్ద కోడంత పిట్ట. ఒకప్పుడు ఇక్కడ ఉండేవట, ఇప్పుడు ఏడాదికొకటి దారి తప్పి వస్తే గొప్ప. సరే, తండ్రి అడిగాడని ముబారక్ బాబా దుఖాన్ దారిలో లోపలికి పోయి గుడారాలు వేయించాడు. ఆడవాళ్ళకొకటి, మగవాళ్ళకొకటి, వంటకొకటి. నీళ్ళ ట్యాంకరు, కోళ్ళ గంప, ఐసు పెట్టెల నిండా మాంసం. ఇంత మాంసం పట్టుకుని ఒక పిట్టను పట్టడానికి ఎందుకు వెళ్తున్నారో నాకు అర్థం కాలేదు. మన కొల్లేటి వైపు వేటంటే కూర. మీ పెదనాన్న నాలుగు పరజ బాతులు పట్టుకొస్తే మంచి వేట, ఉత్త చేతులతో వస్తే చెడ్డ వేట. అందులో ఆలోచించేదేముంది?

ఇక ఆ ముక్క.

జియావుద్దీన్ మూడు రోజులుగా పిట్ట కడుపు మాడ్చాడు. ఇంతంటే ఇంత మాంసం చూపించి తీసేసేవాడు. దాని రొమ్ము ఎముక కత్తిలా పైకి వచ్చింది. ఐసు పెట్టెలో దాని కోసం పావురాలు ఉన్నాయి. గుడారాలు వేసిన రోజు మధ్యాహ్నం చూస్తే అతను బొగ్గుల మీద ఒక పావురాన్ని కాల్చుకుని తింటున్నాడు.

నేనేమనుకున్నాను? పిట్ట నోటి దగ్గరిది వీడు తింటున్నాడు అనుకున్నాను.

అవును, అలాగే అనుకున్నాను. తొమ్మిదేళ్ళు ఒక ఇంట్లో ఉప్పు తిన్నవాళ్ళం. ఆ పావురం తినమని ముబారక్ బాబాయే ఇచ్చాడని తర్వాత తెలిసింది. వేటకు ముందు పిట్టను ఆకలితో ఉంచాలనీ, ఆకలి ఉంటేనే అది ఎగురుతుందనీ, తిరిగి మనిషి చేతికి వస్తుందనీ కూడా తర్వాతే తెలిసింది. నాకు తెలిసిన ధర్మం వేరు. దుక్కికి పోయే ఎద్దుకు ముందు ఉలవలు పెడతాం. పనిలోకి పోయే నోటికి పెట్టకుండా పంపేవాణ్ణి మన ఊళ్ళో మనిషనే అనరు.

అతను అసర్ నమాజుకు వెళ్ళాడు. నేను అప్పటికే నాలుగు కోళ్ళు శుభ్రం చేసి పెట్టాను. కార్జాలూ కందనకాయలూ గిన్నెలో ఉన్నాయి. గిన్నె పట్టుకుని వెళ్ళాను. పిట్ట కర్ర మీద టోపీ పెట్టుకుని కూర్చుంది. ఒక ముక్క దాని కాలికి తాకించాను. వంగి తీసుకుంది. ఇంకొకటి. ఇంకొకటి. గిన్నె అయిపోతే వెళ్ళి ఒక కోడి రొమ్ము కూడా కోసి తెచ్చాను. ఎంత తిన్నదంటావా? పెట్టినంత. దాని గొంతు కింద సంచీ నిమ్మకాయంత ఉబ్బింది. నాకే కడుపు నిండినట్టయింది. ఆ సాయంత్రం ప్రార్థన కూడా బాగా చేసుకున్నాను.

నవ్వకు. సరే, నవ్వు.

తెల్లవారి జియావుద్దీన్ పిట్టను చేతి మీదికి తీసుకున్నాడు. రొమ్ము తడిమాడు. మళ్ళీ తడిమాడు. నేరుగా నా దగ్గరికి వచ్చాడు. నేను పెద్ద బాబా గంజి ఫ్లాస్కులో పోస్తున్నాను.

"ఖాలా, పిట్టకు ఎవలన్న తినవెట్టిండ్రా?"

"ఏమో బాబూ, నేను చూడలేదు."

"బరువైంది ఖాలా. నా చేతికి తెలుస్తది. ఇయ్యాల ఇడిస్తే తిరిగి రాదు."

"నన్నడిగితే నాకేం తెలుసు?"

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. ఎందుకన్నానంటే, మామా, అదే ఆ ఇంటావిడ, అప్పటికే ఫిలిప్పీన్స్ నుంచి వంటమనిషిని తెప్పించే మాట ఎత్తుతోంది, జీవరత్నానికి వయసైపోయిందని. యాభై తొమ్మిదేళ్ళదాన్ని పంపించేస్తే ఇంకెవరు పెట్టుకుంటారు? ఇవన్నీ ఆ ఒక్క నిమిషంలో ఆలోచించాననుకోకు. నోరే ముందు అనేసింది. కారణాలు తర్వాత వెతుక్కున్నాను.

అతను వెళ్ళి ముబారక్ బాబాతో చెప్పాడు, ఇవాళ వద్దు, రేపు చూద్దామని. బాబా వినలేదు. హుబారా అడుగులు కనపడ్డాయని ఎవరో కబురు తెచ్చారు, రేపటికి అది ఉంటుందా? "యల్లా" అన్నాడు. బయల్దేరాం. పెద్ద బాబా మందుల వేళ తప్పకూడదు కాబట్టి నేను ఆయన కారులో వెనక కూర్చున్నాను, గంజి ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని.

ఇక్కణ్ణుంచి నువ్వు వందసార్లు విన్న కథే. హుబారా లేచింది. షమ్మా టోపీ తీసి వదిలారు. అది పైకి లేచి ఒక చుట్టు తిరిగి, హుబారాను చుట్టపు చూపు చూసి, ఎటో వెళ్ళిపోయింది. హుబారా కూడా కాసేపు నిలబడి చూసి తన దారిన పోయింది. ఇప్పుడు తోకలకు రేడియోలు కడుతున్నారట, అప్పుడు మావాళ్ళ దగ్గర లేవు. ఇక మొదలైంది. నాలుగు కార్లు, పన్నెండు మంది, ఆ రోజంతా మేము వేటాడింది మా డేగనే.

అటు పోయిందని ఒకడు, ఇటు పోయిందని ఒకడు. మట్టిదిబ్బ మీద ఏదో కూర్చుందంటే పరుగెత్తుకెళ్ళాం, చూస్తే నల్ల ప్లాస్టిక్ సంచీ. దూరంగా కనపడ్డ ప్రతి గుడారం దగ్గరా ఆగాం. డేగను చూశారా అని అడగాలంటే ముందు కూర్చోవాలి, కూర్చుంటే కాఫీ తాగాలి, కాఫీ తాగితే ఖర్జూరం తినాలి. చక్కెర జబ్బు మనిషి ఆ రోజు తిన్న ఖర్జూరాలు నేను లెక్కపెట్టడం మానేశాను. ఒక గుడారంలో ఇంకో ముసలాయన ఉన్నాడు. ఇద్దరికీ ముప్పై ఏళ్ళుగా మాటల్లేవట, ఒక ఒంటె గురించి. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని, ముక్కులు తాకించుకుని, ఆ ఒంటె ఎవరిదో మళ్ళీ మొదట్నుంచి వాదించుకున్నారు. నవ్వుతూ.

పెద్ద బాబా చెప్పులు విడిచేసి ఇసకలో నడిచాడు. కుందేలు అడుగులు చూపించి, ఇది ఆడది, ఇది పొద్దున పోయింది అని నాకు చెప్పాడు. ఒంటి కంటితో. కారులో పాట పాడాడు. ఇంట్లో మంచం మీంచి లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సిన మనిషి. నన్ను ముందు సీటులో కూర్చోమని, "జీవా, ఎత్తుగా ఉన్నావు, నువ్వు చూడు" అన్నాడు. నేనూ చూశాను ఫెబీ. తల బయటపెట్టి చూశాను. గాలి, పచ్చిక, ఎక్కడా గోడ లేదు. తొమ్మిదేళ్ళుగా వంటింటి కిటికీలోంచి చూసిన దేశం. ఇంత ఉందని నాకు తెలియదు.

ఇప్పుడడుగు వేటలో ఏం సరదా అని. పాల్ అడిగింది ఇదే కదా. నాకు తెలిసిన జవాబు అదే. పిట్ట దొరికి ఉంటే తొమ్మిదింటికల్లా ఇంటికి వచ్చేవాళ్ళం. నేను దాని ఈకలు పీకుతూ ఉండేదాన్ని.

కానీ అదే రోజు ఇంకొకటి జరుగుతోంది. జియావుద్దీన్ కారెక్కలేదు. తాడుకు ఎరగా పిట్ట రెక్కలు కట్టి దాన్ని తిప్పుతూ, పిట్టను పిలుస్తూ నడుస్తున్నాడు. "షమ్మా... హో... షమ్మా..." మేము ఎటు తిరిగి వచ్చినా అతను ఎక్కడో ఒకచోట కనపడేవాడు, చేయి తిప్పుతూ. మధ్యాహ్నానికి గొంతు పోయింది. గాలి మాత్రమే వచ్చేది. ఆ గొంతు నేను అనుకరించి చూపిస్తాను కదా? అక్కడే అందరూ ఎక్కువ నవ్వేది. సుసన్న మజ్జిగ ఒలికింది అక్కడే.

సాయంత్రం ముబారక్ బాబా అందర్నీ నిలబెట్టి అడిగాడు, పిట్టకు ఎవరు పెట్టారని. డ్రైవర్లు లేదన్నారు. నా వంతు వచ్చేలోపు జియావుద్దీనే అడ్డం వచ్చాడు. ఆ పోయిన గొంతుతో, అరబీలో. "ఖాలాను నేను పొద్దున్నే అడిగాను. ఆమె చూడలేదంది. ఆమె అబద్ధం ఆడదు."

నేను తల ఊపాను. ఏం ఊపానో, ఎందుకూపానో. ప్రభువును ఎరగనన్న పేతురుకు కోడి కూసి గుర్తు చేసింది. మా కోళ్ళన్నిటినీ నేను ముందురోజే వండేశాను.

మూడు రోజులు వెతికారు. దొరకలేదు. వేట మనిషి దగ్గర పిట్ట తప్పిపోయిందంటే ఆ మాట ఊరంతా పాకుతుంది, ఇంకెవరూ పెట్టుకోరు. అతన్ని పంపించేయడానికి కాగితాలు సిద్ధం చేశారు. మెహర్ సుల్తానా వీసా మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అప్పుడు వెళ్ళాను. నేను రాయిని కాదు. పెద్ద బాబా దగ్గరికి వెళ్ళాను, ఆయన చెబితే కొడుకు వింటాడని. ఆయన మగవాళ్ళు కూర్చునే మజ్లిస్‌లో నలుగురికి ఈ కథే చెబుతున్నాడు. ప్లాస్టిక్ సంచీ దగ్గర ఉన్నాడు. నన్ను చూసి కాఫీ పోయమన్నాడు. అందరూ వెళ్ళాక అన్నాను, "బాబా, ఆ పిట్ట సంగతి..."

"తెలుసు" అన్నాడు. "కడుపు నిండిన పిట్ట ఎలా ఎగురుతుందో నాకు తెలియదా? ఆ పొద్దున నీ గిన్నెకు దాని ఈక అంటుకుని ఉంది."

"మరి జియావుద్దీన్?"

ఆయన కాఫీ కప్పు కింద పెట్టాడు. తర్వాత అన్నాడు, "జీవా, వేటకు పోయినవాడు పిట్టతో వస్తే ఒక పూట తింటాడు. పిట్టను పోగొట్టుకుని వస్తే చచ్చేదాకా చెప్పుకుంటాడు. నాకు చెప్పుకోవడానికి ఎన్ని రోజులున్నాయి? నువ్వు నోరు విప్పావంటే అది వేట కాదు, వంటమనిషి చేసిన తప్పు. ఖలాస్."

చెడ్డవాడు కాదు. రంజాన్ రాకముందే పోయాడు. పోయేదాకా ఆ కథే చెప్పాడు. పోగొట్టుకున్నది ఒకరు, చెప్పుకున్నది మేమిద్దరం. ఆయన పోయాక నేనొక్కదాన్నే చెబుతున్నాను.

జియావుద్దీన్ వెళ్ళే రోజు వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. పెట్టె బయట పెట్టాడు. నన్నేమన్నా అడుగుతాడేమో, ఈసారి అడిగితే చెప్పేద్దామనే అనుకున్నాను. అడగలేదు. తన కుడి చెయ్యి చూసుకున్నాడు.

"నా చెయ్యి తప్పింది ఖాలా. ఎవలు తినవెట్టలే. ఉన్న బరువే నాకు తెల్వలే. మంచిగున్న పిట్టను బరువున్నదని అన్న. చెయ్యికి తెలుస్తలేదిగ."

దానికి నేనేమన్నానో తెలుసా? "దారిలో తిను బాబూ" అని రొట్టెలు కట్టిచ్చాను.

ఉద్యోగం పోవడం పెద్దదే. కాదనను. పెళ్ళాం రాకపోవడం పెద్దదే. కానీ ఆ చేయి ఉందే, అది సరిగ్గానే చెప్పింది. పిట్ట బరువుందని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ మాట నిజమని తెలిసినదాన్ని నేను. అతను తన చేతిని నమ్మడం మానేసి, నన్ను నమ్మి వెళ్ళాడు.

కింద లాండ్రీలో రాజేశం ఉన్నాడుగా, అతనిదీ జగిత్యాలే. మొన్న చీర ఇస్తే మాటల్లో చెప్పాడు. జియావుద్దీన్ అక్కడ బస్టాండు దగ్గర చికెన్ సెంటర్ పెట్టుకున్నాడట. పక్షుల పని వదల్లేదన్నమాట. కోడిని చేత్తో ఎత్తి బరువు చెప్పమని ఎవరన్నా అడిగితే, "నాకు తెల్వది, కాంటా మీద పెట్టుండ్రి" అంటాడట. రాజేశం నవ్వుతూ చెప్పాడు. నేను చీర అక్కడే వదిలేసి మెట్లెక్కి వచ్చేశాను. అది ఇంకా అక్కడే ఉంది, తెచ్చిపెట్టు.

నేను వచ్చే బుధవారం మన ఊరికి వెళ్ళిపోతున్నాను. అక్కడికి వెళ్ళాక ఎన్నాళ్ళు గుర్తుంటుందో. నాకు చదవడం వచ్చు, పేపర్లలో చుట్టి ఇచ్చిన పొట్లాలు విప్పి నేర్చుకున్నదాన్ని. రాయాలంటే చెయ్యి వణుకుతుంది. అందుకని నువ్వు రాయి. పెద్దగా ఏమీ వద్దు. క్షమించమని కూడా మొదటే రాయకు, అది చూసి చింపేస్తాడేమో. "నీ చెయ్యి తప్పలేదు, పిట్టకు నేను పెట్టాను" అని రాయి. పావురం సంగతి కూడా రాయి, నేనేమనుకున్నానో. కింద నా పేరు రాయి, జీవరత్నం అని. ఖాలా అని రాయకు.

ఏమిటలా చూస్తావు? చదివి తిడతాడంటావా? తిట్టనీ. తిట్టే మనిషికి ఎవర్ని తిట్టాలో తెలియాలిగా. ఇన్నాళ్ళూ తన్నే తిట్టుకున్నాడు.

పంపేముందు మాత్రం కిందికి వెళ్ళి రాజేశాన్ని అడుగు. ఇంతసేపూ జియావుద్దీన్ అన్నాను. జియావుద్దీనేనా, జలాలుద్దీనా? ఇప్పుడు ఒక్కసారిగా అనుమానమొచ్చింది. ఆవిడ మెహర్ సుల్తానాయేనా, లేక ఖమర్ సుల్తానా? ఊరు జగిత్యాలే, అది గట్టిగా తెలుసు. డేగ పేరు షమ్మా, అది ఎవరినీ అడగక్కర్లేదు, దానికి ఉత్తరం రాయం. మనిషి పేరు మాత్రం రెండుసార్లు అడిగి రాసుకో తల్లీ. తప్పు ఎలాగూ వేరేవాళ్ళ మీద పడింది, ఉత్తరమన్నా సరైనవాడికి చేరాలి.